పదకొండు పసుపు బనీన్లు

గాజువాక,
9 అక్టోబరు 1983.

మావయ్యా,

"మహారాజశ్రీ", "పాదపద్మములకు" లాంటి మాటల్ని మా సంఘం తీర్మానం ప్రకారం ఉత్తరాల్లోంచి తీసేశాం. అందుకే ఒట్టి మావయ్యా అన్నాను. గౌరవం తగ్గిందనుకోకు. మనిషికి మనిషి ఇవ్వాల్సినంత గౌరవం అందులోనే ఉంది.

సంఘం పేరు గాజువాక శ్రామిక యువజన విహార సంఘం. స్టీల్‌ప్లాంటు కట్టుబడిలో పనిచేసే వెల్డర్లం, ఫిట్టర్లం పదకొండుమందిమి కలిసి పెట్టుకున్నాం. అధ్యక్ష పదవి భూస్వామ్య అవశేషం కాబట్టి రద్దు చేశాం. పదకొండుమందీ కార్యదర్శులమే.

కిందటి నెల పుస్తకాల వ్యాను వచ్చినప్పుడు శ్రామికుల సెలవుల మీద నలభై పేజీల కరపత్రం ఒకటి కొన్నాను. మూడుసార్లు చదివాను. సెలవంటే చాప మీద దొర్లడం కాదట. కొండలెక్కాలి, సరస్సులో తెడ్డు వెయ్యాలి, ఒళ్ళు హూనమవ్వాలి. అప్పుడే మెదడు తేటపడుతుంది. మంచుదేశాల్లో వేటాడుకుని బతికేవాళ్ళు చేసుకునే కయాక్ అనే పడవ బొమ్మ కూడా అందులో ఉంది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఒక్క మనిషే కాళ్ళు చాపుకుని కూర్చుంటాడు. తెడ్డుకి రెండు కొసలా రెక్కలుంటాయి. ఊచలు వంచి, వెల్డింగు చేసి, పైన టార్పాలిన్ బిగించి మూడు కయాక్‌లు మేమే చేస్తున్నాం.

కొండల మధ్య సరస్సు అనగానే మీ పాలగెడ్డ రిజర్వాయరు గుర్తొచ్చింది. నువ్వు అక్కడ ఇరవై రెండేళ్ళుగా గేట్ల దగ్గర లస్కరువి. అందుకని ఈ సంగతులు బుర్రలో పెట్టుకో.

మేం కొండ కింద బస్సు దిగుతాం. జీపు ఎక్కం, నువ్వు పంపినా ఎక్కం. పద్నాలుగు కిలోమీటర్లూ కయాక్‌లు భుజాన మోసుకుంటూ నడుస్తాం. ఎవరింట్లోనూ పడుకోం. పడక నేల మీదే. తెల్లారకముందే చన్నీళ్ళ స్నానం. మాంసం, చేపలు ముట్టం. నానబెట్టిన శనగలు, అరటిపళ్ళు తింటాం. బీడీ, సారా నిషేధం. నీళ్ళమీద దూరం నుంచి కనపడాలని పదకొండు బనీన్లకీ పసుపు రంగు వేయిస్తున్నాం. రోజు నవంబరు 20, ఆదివారం. తెల్లవారుజామున నాలుగింటికి నడక మొదలెడతాం కాబట్టి వెన్నెల బాగా ఉండే రోజు పెట్టాను. పంచాంగం చూసి కాదు. రెండు నెలలుగా డాబా ఎక్కి చంద్రుణ్ణి చూసి లెక్కకట్టాను.

నీళ్ళలో కయాక్‌లు దించడానికి మీ ఇంజనీరు గారి అనుమతి కావాలి. ఈ ఉత్తరం చూపించి అడుగు.

హేతుబద్ధ నమస్కారాలతో,
గురునాథరావు,
కార్యదర్శి.

తా.క.: అమ్మ నీకు సున్నుండలు పంపుతానంది. పద్నాలుగు కిలోమీటర్లు మొయ్యాలి కదా, బరువు లెక్కవేసి వద్దన్నాను. ఆ పూట నాకు అన్నం పెట్టలేదు.


పాలగెడ్డ డ్యాం,
17-10-83.
(పోస్టుకార్డు)

చిరంజీవి గురునాథానికి చలమయ్య మావయ్య దీవించి రాసింది. నీటిమట్టం 142 అడుగులు. వాన లేదు. రెండు గేట్లూ మూసి ఉన్నవి. (రిజిస్టరు రాసి రాసి చెయ్యి ముందు ఇదే రాస్తుంది. పట్టించుకోకు.)

ఉత్తరం అందింది. ఇన్‌లాండు కవర్లు అయిపోయాయి, అందుకని కార్డు మీద రాస్తున్నాను. మీ నూకాలత్త క్షేమం. మన పిల్ల గంగాలమ్మకి ఎనిమిదో నెల. దాన్ని అవతలి గట్టున బోడిమెట్టలో ఇచ్చాం కదా. డిసెంబరు మొదటి వారం అన్నారు. రేవులో పడవ అడుగు చివికిపోయి నాలుగు వానాకాలాలయింది. పడవుంటే ఇవతలి ఆసుపత్రికి పావుగంట. లేదు కాబట్టి గట్టు చుట్టూ తొమ్మిది మైళ్ళు డోలీలో మొయ్యాలి. కిందటేడు ఒకావిణ్ణి అలా మోస్తుంటే దారిలోనే కాన్పు అయిపోయింది. తల్లి మాత్రం దక్కింది. పడవ బాగుచేయించమని నేను పదకొండు అర్జీలు పెట్టాను. అన్నీ పరిశీలనలో ఉన్నవి.

నీ ఉత్తరం ఆఫీసులో చూపించాను. గుమాస్తా భీమశంకరరావు గారు చదివి, "నడిచొస్తారు, నేల మీద తొంగుంటారు, నీసు ముట్టరు, పసుపు బట్టలు, కార్తీక పౌర్ణమి. మొక్కు ఎవలిదోయ్?" అన్నారు. నాకు తెలీదన్నాను.

ఎవరి మొక్కు? రాయి.

ఆశీస్సులు. చలమయ్య.

తా.క.: మీ అత్త అడగమంది. ఉల్లిపాయ తింటారా, మానేశారా?


గాజువాక,
22 అక్టోబరు.

మావయ్యా,

నీ కార్డు చదివీ చదవగానే జవాబు రాస్తున్నాను. కోపంతో.

మొక్కు లేదు. లేదు. ఉండదు. మా సంఘం నియమావళిలో మూడో నియమమే మూఢనమ్మకాల మీద. జీపు ఎక్కనిది పిక్కలు గట్టిపడ్డానికి. నేల మీద పడుకునేది వెన్నెముక కోసం. మాంసం తిననిది పొయ్యి మొయ్యలేక. నవంబరు 20 కార్తీక పౌర్ణమి అయితే అది చంద్రుడి తప్పు. ఆరోజు నిండుగా ఉంటాడని నేను లెక్కకట్టాను, పంచాంగం వాళ్ళూ అదే లెక్కకట్టారు. అంతమాత్రాన నేను వాళ్ళ మనిషినైపోతానా?

గంగాలమ్మ సంగతి చదివితే ఇంకో రకం కోపం వచ్చింది. నాకు ఈత నేర్పిన మనిషి. పదకొండు అర్జీలు పెడితే ఒక చెక్క బిగించరా? నువ్వు అర్జీల్లో "అయ్యా, దయచేసి" అని రాసుంటావు. అక్కడే తప్పు జరిగింది. పడవ హక్కు, దయ కాదు. నేను నలభై రెండు సంతకాలతో మీ ఆఫీసుకి రిజిస్టర్డ్ పోస్టులో మహజరు పంపాను. అందులో "దయ" అన్న మాట ఎక్కడా లేదు.

ఈ ఉత్తరం టీ దుకాణంలో అందరికీ వినపడేలా చదువు. అనుమానం పుట్టినచోటే చంపాలి.

ఇంకో మాట. కార్డు మీద రాయకు. పోస్ట్‌మేన్ చదివి మా ఇంటి యజమానురాలు జోగమ్మ గారికి చెప్పాడు. ఆవిడ పొద్దున్నే నా గుమ్మం ముందు ముగ్గేసింది. రెండు ఇన్‌లాండు కవర్లు దీంతో జతచేస్తున్నాను.

హేతుబద్ధంగా,
గురునాథరావు.

తా.క.: ఉల్లిపాయలు తింటాం! మనిషికి రెండేసి. పచ్చివి. అత్తకి చెప్పు.


పాలగెడ్డ డ్యాం,
30-10-83.
(పోస్టుకార్డు)

చి. గురునాథానికి దీవెనలు. నీటిమట్టం 143. నిన్న సాయంత్రం జల్లు పడింది.

నువ్వు పంపిన కవర్లు మీ అత్త భద్రంగా దాచింది. ఎక్కడ దాచిందో వెతుకుతోంది. అందాకా కార్డే గతి.

చెప్పినట్టే నీ ఉత్తరం టీ దుకాణంలో గట్టిగా చదివాను. ముప్పైమంది ఉన్నారు. "లేదు. లేదు. ఉండదు." అన్నచోట అందరూ తలలూపారు. ముసలి సన్యాసప్పడు, "మొక్కున్నోడు నోరిప్పడ్రా. ఇప్పితే ఫలం పోద్ది. ఇన్నిసార్లు లేదంతన్నాడంటే సిన్న మొక్కు కాదది," అన్నాడు. ఉద్యోగం పర్మనెంటు కోసమని కొందరు, పెళ్ళి కోసమని కొందరు. "పదకొండుమందికీ ఒకే పిల్ల కోసం కాదు కదేటి?" అని దుకాణం అతను కంగారుపడ్డాడు. కాదని చెప్పాను.

మొక్కులు చెల్లించే మడుగుతల్లి రాయి అవతలి గట్టున ఉంది. మొక్కుబడి వాళ్ళు పడవ లేకుండా తల్లి దగ్గరికి ఎలా వస్తారని బోడిమెట్ట వాళ్ళు కబురెట్టారు. ఏం చెప్పమంటావు?

నీ మహజరు వచ్చింది. భీమశంకరరావు గారు "బాగా రాసినాడు కుర్రోడు" అని పన్నెండో నెంబరు వేసి పరిశీలనలో పెట్టారు.

గంగాలమ్మ కాళ్ళు కొంచెం నీరు పట్టినవి.

ఆశీస్సులు. చలమయ్య.

తా.క.: పచ్చి ఉల్లిపాయలు రెండేసి అన్నావు. నియమాలు మేం పాటిస్తామో లేదో పరీక్షించడానికి అలా రాశావని జనం తేల్చారు. టీ దుకాణంలో ఆ రోజు నుంచి ఉల్లిపాయ పకోడీ మానేశారు.


గాజువాక,
4 నవంబరు.

మావయ్యా,

ఇది నీకు రాస్తున్న ఆఖరి మర్యాద ఉత్తరం.

ముందు కయాక్ సంగతి చెబుతాను. ఆదివారం పొద్దున్నే ఫిషింగ్ హార్బర్లో నీళ్ళకి దించి చూశాం. వేలంపాట ఆపి మరీ జనం చుట్టూ చేరారు. "ఏటి బాబూ ఇది? నువ్వు దీన్లోకి దూరినావా, ఇదే నిన్ను మింగీసిందా?" అని ఒకతను. వల కుట్టుకుంటున్న పెద్దాయన, "ముందు కొసకి పసుపు రాయండర్రా. నేకపోతే తిరగబడిపోద్ది," అన్నాడు. రాయలేదు. తిరగబడింది. అది గురుత్వ కేంద్రం సంగతి, పసుపుది కాదు. దొరబాబు అని మా సంఘంలో గోదావరి జిల్లా అతను ఉన్నాడు, భారీ మనిషి. అందులో ఇరుక్కుపోయాడు. ఐసు ఫ్యాక్టరీ కళాసీలు నలుగురు పట్టుకుని లాగితే మనిషితోపాటు పడవా వచ్చింది. "మా ఇంటికి ఉత్తరం రాయకండి, మా అమ్మ బెంగెట్టేసుకుంటుందండి," అన్నాడు తలకిందులుగా ఉండగానే.

అసలు సంగతి ఇది. నీ రెండో కార్డు కూడా గాజువాక అంతా చదివింది. జోగమ్మ గారు తన మోకాలి నొప్పి గురించి తల్లికి చెప్పమని కొబ్బరికాయ ఇచ్చింది. వద్దన్నాను. "వద్దంతన్నాడంటే మంచి నిష్ఠలో ఉన్నాడు," అని పక్కింటామెకి చెప్పి, ఇంకో రెండు కాయలు తెప్పించింది.

ఇంకా ఉంది. శ్రామిక విహారం కోసం మూడురోజులు సెలవు కావాలని పదకొండుమందిమీ అర్జీ పెడితే మా ఫోర్మేను శ్రీరామ్మూర్తి, "విహారమేట్రా విహారం? ఎవడు సెప్పినాడ్రా మీకు?" అని విసిరికొట్టాడు. సెలవు హక్కు మీద అరగంట ఉపన్యాసం ఇచ్చాను. గొంతు పోయింది. మంగళవారం ఆయనే పిలిచాడు. "ముందే సెప్పొచ్చు కదరా, మొక్కని!" అని పదకొండు కాగితాల మీదా సంతకం పెట్టేశాడు. తన తరఫున ఒక కాయ, వాళ్ళావిడ నడుంనొప్పి తరఫున ఒక కాయ ఇచ్చాడు.

తీసుకోవాలా వద్దా అని సంఘం మూడు గంటలు చర్చించింది. సెలవు మన హక్కు. హక్కుని ఎదటివాడు ఏ కారణంతో ఇచ్చినా తీసుకోవచ్చు. అలా తీర్మానించాం. నాకు మాత్రం రుచించలేదు.

అక్కడ ఒక్క డప్పు మోగినా వెనక్కి తిరిగి పోతాను. చెప్పాను.

గురునాథరావు.

తా.క.: కొబ్బరికాయలు ఇవాళ్టికి ముప్పైనాలుగు.


పాలగెడ్డ డ్యాం,
9-11-83.
(రెండు పోస్టుకార్డులు)

చి. గురునాథానికి దీవెనలు. నీటిమట్టం 143. వాన లేదు. కవర్లు ఇంకా దొరకలేదు.

సోమవారం ఇంజనీరు గారు తనిఖీకి వచ్చారు. జీపు దిగేసరికి డ్యాం మీద ముగ్గులున్నాయి. ఏమిటని అడిగారు. కార్తీక పౌర్ణమికి విశాఖపట్నం నుంచి పదకొండుమంది మొక్కుబడి వాళ్ళు నడిచొస్తున్నారని భీమశంకరరావు గారు చెప్పారు. ఇంజనీరు గారి అత్తగారు జీపులోనే ఉన్నారు. "అయితే ఆరోజు నేనూ వస్తాను, తల్లి దగ్గర దీపం పెడతాను. పడవేదీ?" అన్నారు. ఇంజనీరు గారు నా వైపు చూశారు. నేను బోర్లాపడి ఉన్న పడవ వైపు చూశాను.

మంగళవారం వడ్రంగులు ముగ్గురొచ్చారు. చివికిన బల్లలు ఊడపీకి కొత్తవి వేశారు. ఇవాళ సందుల్లో కొబ్బరిపీచు కుక్కి తారు పూస్తున్నారు. నాలుగేళ్ళలో రాని తారు రెండు డబ్బాలు ఒక్కరోజులో వచ్చింది.

ఇది రెండో కార్డు. అంతా బాగానే ఉంది కానీ ఇంజనీరు గారు ఒక మాటన్నారు. "వాళ్ళు వస్తేనే పడవ నీళ్ళలో దించండి. రాకపోతే గొడౌన్లో పెట్టి తాళం వెయ్యండి. లేకపోతే ఆడిట్ వాళ్ళకి నేను జవాబు చెప్పుకోలేను."

గంగాలమ్మకి కబురు చేశాను. ఏడ్చిందట. సంతోషంతోనే.

డప్పుల సంగతి అడిగావు. ఒక్క డప్పు లేదు.

ఆశీస్సులు. చలమయ్య.

తా.క.: పన్నెండు జతలున్నాయి.


గాజువాక,
13 నవంబరు.

మావయ్యా,

సంఘం నిన్న సమావేశమైంది. యాత్ర రద్దు. ఆరుగురు రద్దుకి, అయిదుగురు యాత్రకి. నేను రద్దుకి ఓటేశాను.

కారణం రాస్తాను. మూఢనమ్మకాలు పోవాలని బస్టాండులో నిలబడి అరిచినవాణ్ణి. పసుపు బనీను వేసుకుని పన్నెండు జతల డప్పుల మధ్య నడిస్తే, రేపు నా మాట ఎవడు వింటాడు? నేనే వినను. పడవ హక్కుగా రావాలి. భక్తిగా వస్తే, రేపు భక్తి తగ్గితే పడవ కూడా పోతుంది. ఇది కరపత్రంలో లేదు, నేనే ఆలోచించి రాస్తున్నాను.

నన్ను క్షమించమని అడగను. తప్పు చెయ్యలేదు.

గురునాథరావు.

తా.క.: పడవ నిజంగానే గొడౌన్లో పెడతారా?

తా.క. 2: గంగాలమ్మకి డిసెంబరులో ఏ తేదీ అన్నారు?


పాలగెడ్డ డ్యాం,
15-11-83.
(పోస్టుకార్డు)

చి. గురునాథానికి. నీటిమట్టం 143.

పెడతారు. తాళం చెవి నా దగ్గరే ఉంటుంది, లస్కరుని కాబట్టి. వెయ్యమంటే వెయ్యాలి.

మూడో తేదీ అన్నారు.

నీ మీద నాకు కోపం లేదు. నువ్వు రాసిన దాంట్లో తప్పు నాకూ కనపడలేదు. డోలీ మోసేవాళ్ళకి ఇద్దరికి చెప్పి ఉంచాను.

చలమయ్య.

తా.క.: తారు ఆరింది. పడవ బాగుంది.


గాజువాక,
23 నవంబరు.

పూజ్యులు మావయ్యగారికి,

తీర్మానం సంగతి నాకు గుర్తుంది. ఈ ఒక్కసారికీ ఉండనీ.

మొన్న ఆ జనంలో నీతో నాలుగు మాటలు కూడా మాట్లాడలేకపోయాను. అందుకని జరిగిందంతా రాస్తున్నాను. తరవాత ఒక ప్రశ్న ఉంది.

నీ కార్డు 18న అందింది. సంఘంలో చదివాను. దొరబాబు లేచి, "డప్పులు వాళ్ళయ్యండి, కాళ్ళు మనయ్యి. మనం నడవడానికేగా వెళ్తున్నాం?" అన్నాడు. మళ్ళీ ఓటింగు పెట్టాం. పదకొండు, సున్నా.

కొండ కింద రాత్రి నేల మీద పడుకున్నాం. రాళ్ళు గుచ్చుకున్నాయి. నాలుగింటికి బయల్దేరాం. వెన్నెల నేను లెక్కకట్టినంతా ఉంది. లోపలి సామాను మంచుకి తడవకుండా కయాక్‌ల మీద దుప్పట్లు కప్పాం. నలుగురేసి భుజాన పెట్టుకున్నాం, మూడో దానికి మాత్రం ముగ్గురే. తెల్లారేసరికి మొదటి ఊరు వచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే నాకే భయం వేసింది. పసుపు బనీన్లు, దుప్పట్లు కప్పిన మూడు పొడుగాటి సరంజామాలు, వరసగా మనుషులు. అచ్చం పల్లకీసేవ. మొక్కు లేదంటే ఎవడు నమ్ముతాడు?

ఆడవాళ్ళు బిందెలతో వచ్చి మా కాళ్ళమీద పసుపునీళ్ళు పోశారు. వద్దని నేను ఎగిరి పక్కకి దూకాను. "అదిగో, ఒంట్లో తల్లి ఉంది!" అన్నారు. దొరబాబు హాయిగా పోయించుకుని రెండోసారి కూడా కాళ్ళు చాపాడు. బూట్లలో నీళ్ళతో పద్నాలుగు కిలోమీటర్లు నడవడం గురించి కరపత్రంలో ఏమీ లేదు.

సున్నుండలు బరువని వద్దన్నవాణ్ణి ముప్పైనాలుగు కొబ్బరికాయలు కయాక్‌లో వేసి మోశాను. ఎవరికీ చెప్పకు.

డ్యాం దగ్గర జరిగింది నీకు తెలుసు. నువ్వు గేటు మీద ఉన్నావు కాబట్టి మాటలు వినపడి ఉండవు. పడవ దుంగల మీద ఉంది. తాడు పట్టుకుని జనం నిలబడ్డారు. ఇంజనీరు గారు నవ్వుతూ, "ఇంతకీ ఏం మొక్కయ్యా మీది?" అన్నారు. డప్పులు ఆగిపోయాయి. ముసలి సన్యాసప్పడు "సెప్పకు బాబూ!" అని కేకేశాడు. మూడొందలమంది నా నోటి వైపు చూశారు.

మొక్కు లేదని చెప్పడానికే నోరు తెరిచాను. నిజంగా. అవతలి గట్టు మీద ఎర్రచీర ఒకటి కనపడింది. ఇంతే ఉంది, అగ్గిపుల్ల తలంత. నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. గంగాలమ్మో కాదో అంత దూరం నుంచి తెలియలేదు.

"అవతలి గట్టుకి పడవ నడవాలని," అన్నాను.

సన్యాసప్పడు, "ఓలమ్మా, నోరిప్పీసినాడు! అయితే తీరిపోయినట్టే!" అన్నాడు. ఇంజనీరు గారి అత్తగారు ఇంజనీరు గారి వైపు తిరిగి, "విన్నావా అల్లుడూ? తీరిన మొక్కుని గొడౌన్లో పెట్టిస్తావా? నా కూతురు పచ్చగా ఉండాలా వద్దా?" అంది. ఆయన అప్పుడే నా చేతికిచ్చిన కయాక్ అనుమతి కాగితమే లాక్కుని, వెనకవైపు, పడవ రోజూ నడపాలని, ఒక మనిషిని వెయ్యాలని రాసి సంతకం పెట్టారు. దాని నకలు భీమశంకరరావు గారు తీసుకున్నారు. అసలు నా దగ్గర ఉంది. ఎవడైనా పడవ ఆపితే పట్టుకొస్తాను.

కయాక్ నడిపింది ఒక్క గంట. చేతులు ఇంకా పైకి లేవడం లేదు. కరపత్రం చెప్పింది నిజం, మెదడు తేటపడుతుంది. నా కయాక్ నడుమ తిరగబడింది. గట్టు మీదున్నది గంగాలమ్మే. "ఈత నేర్పినాను కదరా, మర్సిపోనావేటి?" అని పొట్ట పట్టుకుని నవ్వింది.

ఇప్పుడు ప్రశ్న. నేను అబద్ధం చెప్పానా? రెండు రోజులుగా నిద్రలేదు. పడవ నడవాలని నేను అనుకున్నది నిజమే. కానీ వాళ్ళు విన్నది వేరు. దీనికంతటికీ మూలం మొదట "మొక్కు" అన్న మాట అన్నవాడు. మీ గుమాస్తా భీమశంకరరావు. అతని మీద ఎనిమిది పేజీల కరపత్రం రాశాను. పేరు, హోదాతో సహా. డిసెంబరు రెండో సోమవారం అచ్చుకిస్తున్నాను.

నమస్కారాలతో,
మీ మేనల్లుడు
గురునాథం.

తా.క.: జోగమ్మ గారి మోకాలు తగ్గిందట. నేను కాయ కొట్టలేదు, దొరబాబు కొట్టాడు. అయినా పేరు నాకే వచ్చింది.


పాలగెడ్డ డ్యాం,
5-12-83.
(ఇన్‌లాండు కవరు)

చిరంజీవి గురునాథానికి చలమయ్య మావయ్య దీవించి రాసింది. నీటిమట్టం 141. వాన లేదు. చలి ఉంది.

శనివారం పొద్దున్న ఏడింటికి గంగాలమ్మకి నొప్పులొచ్చినవి. ఏడుంపావుకి పడవెక్కించారు. ఏడున్నరకి ఇవతల దించారు. మధ్యాహ్నం ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. బిడ్డ అడ్డం తిరిగిందని, డోలీలో తెచ్చుంటే కష్టమయ్యేదని నర్సమ్మ చెప్పింది. నేను గేటు దగ్గరికి పోయి కాసేపు ఒక్కణ్ణీ కూర్చున్నాను.

కరపత్రం అచ్చుకివ్వకు. భీమశంకరరావు గారు ఆ మాట అనలేదు. నీ మొదటి ఉత్తరం చూపిస్తే, "మీ మేనల్లుడికి మతి సెడిందేటోయ్?" అని నా చేతిలో పెట్టేశారు. అంతే. మొక్కు అన్నవాణ్ణి నేను.

నీ ఉత్తరం నాకు మొదటిసారే అర్థమైంది. పిక్కలు, వెన్నెముక, అన్నీ. కానీ పదకొండుమంది, నడక, పసుపు బట్టలు, పౌర్ణమి అని చదువుతుంటే, పదకొండు అర్జీల వల్ల కాని పని ఈ పదకొండు బనీన్ల వల్ల అవుతుందేమో అనిపించింది. అర్జీని ఒక్క గుమాస్తా చదువుతాడు. కార్డుని ఇక్కడి పోస్టుమాస్టరు, బస్సు కండక్టరు, మీ పోస్ట్‌మేన్, వాళ్ళు చెప్పగా రెండూళ్ళ జనం చదువుతారు. అందుకని కార్డు మీద రాశాను. నీ కవర్లు ఎక్కడికీ పోలేదు. నా రిజిస్టరులోనే ఉన్నవి. నువ్వు కోప్పడతావని తెలుసు. కోప్పడే కొద్దీ జనం నమ్ముతారనీ తెలుసు. నిన్ను మాత్రం ఏ కార్డులోనూ రమ్మని అడగలేదు, చూసుకో. అది నీ అంతట నువ్వు రావాలి.

మీ ఫోర్మేను సెలవిస్తాడని నేననుకోలేదు. అది తపాలా శాఖ వాళ్ళు అదనంగా చేసిపెట్టింది.

నువ్వు అబద్ధం చెప్పలేదు. చెప్పింది నేను. నాకు నిద్ర బాగానే పడుతోంది.

బిడ్డకి పేరు నువ్వే పెట్టాలని గంగాలమ్మ అంటోంది. కరపత్రంలోంచి పెట్టొద్దని కూడా చెప్పమంది.

ఆశీస్సులు. చలమయ్య.

తా.క.: కొండ కింద నుంచి డ్యాం దాకా రోడ్డు గోతులు పడి ఆరేళ్ళయింది. అర్జీలు తొమ్మిది పెట్టాను. సైకిళ్ళ మీద విహారం చేసే శ్రామికుల గురించి మీ వ్యానులో కరపత్రం ఏదైనా ఉందేమో చూడు. వచ్చే కార్తీక పౌర్ణమి ఎప్పుడో డాబా ఎక్కి లెక్కకట్టు. జవాబు మాత్రం కార్డు మీద రాయి.